ట్రాంబోన్ ఎక్కడికి పోయింది? జార్జ్ లూయిస్ మూడు రికార్డుల గురించి ఒక బ్యాండువాడి మాట

ముందే చెప్పేస్తాను, నేను సంగీత విమర్శకుణ్ణి కాను. ఇరవై తొమ్మిదేళ్ళు పోలీసు బ్యాండులో ట్రాంబోన్ ఊదాను, అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం (స్లైడ్) ఉన్న పొడుగాటి ఇత్తడి బాకా. పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి పరేడ్ గ్రౌండులో ముందు వరసలో నడిచేవాణ్ణి. ముందు వరస అంటే గొప్పకి కాదు. స్లైడ్ బారుగా చాస్తే ముందున్నవాడి వీపుకి తగులుతుంది, అందుకని మమ్మల్ని ముందు పెట్టేవారు. కుర్చీలేసుకుని వాయించే కచేరీలైతే వెనక వరసే. రిటైరయ్యాక ఆర్నెల్లు ఉందామని షికాగో పక్కన నేపర్‌విల్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చాను.

మనవడు ఐదో క్లాసు. బళ్ళో బ్యాండుకి ఏదో ఒక వాయిద్యం ఎంచుకోమంటే ట్రాంబోన్ అన్నాడు. మా అమ్మాయి నావైపు గుర్రుగా చూసింది. అల్లుడు మర్యాదస్తుడు, గొంతు తగ్గించి అడిగాడు. “మావయ్యగారూ, ఇది నేర్చుకుంటే వాడు ఏమవుతాడండీ?”

“హెడ్ కానిస్టేబుల్ అవుతాడు బాబూ,” అన్నాను.

అతను నవ్వి ఊరుకోలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జవాబు దొరక్కపోతే నిద్ర పట్టదు కదా. ఆ రాత్రే వెతికి ఒకాయన్ని పట్టాడు. జార్జ్ లూయిస్. 1952లో ఈ షికాగోలోనే పుట్టాడు, తొమ్మిదో ఏట ట్రాంబోన్ పట్టాడు, తర్వాత న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు అయ్యాడు. ఆర్కెస్ట్రాలకి, ఒపేరాలకి (పాటలతోనే నడిచే నాటకాలకి) సంగీతం రాస్తాడు. “చూశారా, హెడ్ కానిస్టేబుల్ ఒక్కటే దారి కాదు,” అని ఆయన రికార్డులు తెప్పించాడు. నెలన్నరగా వాటినే వింటున్నాను. ఇలాంటి సంగీతం మీద తెలుగులో ఎవరైనా రాశారేమో అని చూస్తే నాకేం కనబడలేదు. కొనేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

కొనేముందు ఒక జాగ్రత్త. జార్జ్ లూయిస్ పేరుతో ఇంకో మహానుభావుడున్నాడు, న్యూ ఆర్లీన్స్ క్లారినెట్ విద్వాంసుడు, 1968లోనే పోయాడు. మాకు మొదట వచ్చిన పార్సెల్ ఆయనదే. బావుంది, పాతకాలపు జాజ్, నేను రెండుసార్లు విన్నాను కూడా. కానీ మనకి కావలసిన మనిషి కాడు. పేరు చూసి బటన్ నొక్కకండి, ట్రాంబోన్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. రెండోసారి వచ్చిన ఎల్పీ అట్ట ఒక పక్క నిలువునా చీలి వచ్చింది. అమ్మినవాడు ఫొటోలో ఆ పక్క దాచాడు. వాడి సంగతి చివర్లో చెప్తాను.

ఇక రికార్డులు. మూడూ మూడు వయసులవి. నేను వరసలోనే విన్నాను, మీరూ అలాగే వినండి. తిరగేసి వింటే మూడోది అస్సలు బోధపడదు.

మొదటిది ‘ది సోలో ట్రాంబోన్ రికార్డ్’. 1976లో టొరంటోలో శాక్‌విల్ అనే చిన్న కంపెనీ రికార్డు చేసింది. అప్పటికి ఈయన వయసు ఇరవై నాలుగు. పేరులోనే ఉంది, మొత్తం రికార్డులో ట్రాంబోన్ తప్ప ఇంకేమీ లేదు. డ్రమ్ము లేదు, పియానో లేదు, కనీసం తాళం వేసే దిక్కు లేదు. మా బ్యాండులో ఎవడైనా ఒంటరిగా రెండు నిమిషాలు ఊదితే పక్కవాడు “అయిందా?” అనేవాడు. అలాంటిది ఎల్పీ పొడుగునా!

అందులో ‘మూడు ట్రాంబోన్లకు ఒకేసారి’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద ముక్క ఉంది. మూడూ ఈయనే. ఒకటి రికార్డు చేసి, దాని మీద రెండోది, మూడోది. మొదటిసారి విన్నప్పుడు ముగ్గురు మనుషులనే అనుకున్నాను. ఒకడు గొణుగుతాడు, ఒకడు అరుస్తాడు, ఒకడు ఊపిరి మాత్రం వదులుతాడు. మా వరసలో ముగ్గురం ఉండేవాళ్ళం, అచ్చం మా ప్రాక్టీసుకి ముందు పది నిమిషాల్లా ఉంది. బ్యాండు మాస్టారు రాకముందు ఎవడికి తోచింది వాడు ఊదుకుంటూ, పక్కవాణ్ణి వెక్కిరిస్తూ ఉండే సమయం అది. మాస్టారు వచ్చాక వాయించినదే సంగీతమని మేం అనుకున్నాం. ఈయన మాస్టారు రాకముందు దాన్ని రికార్డు చేశాడు.

ఒకచోట మాత్రం బిల్లీ స్ట్రేహార్న్ అనే జాజ్ కంపోజర్ పాత పాట ఒకటి నెమ్మదిగా వాయించాడు. అది వినండి చాలు, ఈ మనిషికి వాయిద్యం వచ్చా రాదా అన్న అనుమానం తీరిపోతుంది. గుండ్రటి స్వరం, ఎక్కడా చెమ్మ చప్పుడు లేదు. (ట్రాంబోన్‌లో ఊపిరి నీరు చేరుతుంది, ఎప్పటికప్పుడు కింద మీట నొక్కి తియ్యాలి. తియ్యకపోతే గుడగుడమంటుంది. చదువుకున్నవాళ్ళ కచేరీల్లోనూ ఇది వింటాం.)

ఆయన ఎలా నేర్చుకున్నాడో చదివాక ఇంకా ఆశ్చర్యం వేసింది. చిన్నప్పుడు లెస్టర్ యంగ్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడి వాయింపుని రికార్డుల మీంచి విని, స్వరాలు రాసుకుని, ట్రాంబోన్ మీద సాధన చేశాడట. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది. మావాళ్ళకి తెలుస్తుంది ఎంత కష్టమో. సాక్సోఫోన్‌కి మీటలున్నాయి, వేలు నొక్కితే స్వరం. మాకు స్వరానికో మీట లేదు, గీత లేదు, గుర్తు లేదు. స్లైడ్ మీద ఏడు పొజిషన్లు, అవి చెవిలో ఉండాలి. కింది స్థాయిలో బి-ఫ్లాట్ అనే స్వరానికి మొదటి పొజిషన్, అంటే స్లైడ్ మూతి దగ్గరే ఉంటుంది. దానికి ఆనుకుని ఉన్న అరస్వరం బి నేచురల్ ఏడో పొజిషన్, అంటే చెయ్యి మొత్తం చాపాలి. పక్కింటికి వెళ్ళడానికి ఊరు చుట్టి రావడం. సాక్సోఫోన్ పదాల్ని ఈ చేత్తో పలికించాలంటే ఒక్కో స్వరానికి ఏ దారిన పోవాలో ముందే ఆలోచించుకోవాలి. నా లెక్కలో ఆయన కంపోజర్ అవడం అక్కడే మొదలైంది, పద్నాలుగో ఏటికి ముందే. డిగ్రీలు తర్వాత వచ్చాయి.

డిగ్రీ అంటే గుర్తొచ్చింది, ఆయన చదివింది సంగీతం కాదు. యేల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ, 1974లో పట్టా. మధ్యలో ఒక ఏడాది చదువు ఆపి షికాగో వచ్చినప్పుడు, 1971లో, ఇక్కడ సౌత్ సైడ్‌లో నల్లజాతి సంగీతకారులు పెట్టుకున్న సంఘంలో చేరాడు. పూర్తి పేరు ‘అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ క్రియేటివ్ మ్యుజీషియన్స్’. 1965లో మొదలైంది, పియానో వాయించే మూహల్ రిచర్డ్ ఏబ్రమ్స్ దానికి పెద్దదిక్కు. ఆ సంఘంలో ఒక నియమం ఉంది, అది చదివి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. కచేరీలో సొంత సంగీతమే వాయించాలి. పక్కవాడి పాట, పాత పాట కుదరదు. నీది ఏముందో అది పట్టుకురా.

మాకు ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పార్టు, అంటే మా వాయిద్యం వంతు రాసిన కాగితం, ఇస్తారు, ఊదుతాం, మడిచి ఫోల్డరులో పెడతాం. మాస్టారు మంచివారే. ఒకసారి నేను మార్చ్ ట్రయోలో (కవాతు పాట రెండో సగంలో) రెండు బార్లు (మన ఆవర్తాల్లా తాళం లెక్కలో గీసుకునే గళ్ళు) మార్చి ఊదితే, ప్రాక్టీసు ఆపి, “బాగుందయ్యా, కానీ కాగితం మీద లేదు,” అన్నారు. ఆ “బాగుందయ్యా” ఒక్కటే నా కంపోజింగ్ కెరీర్.

సరే, రికార్డుకొస్తాను. 1976లోనే లూయిస్ కొన్నాళ్ళు జాజ్‌లో పేరుమోసిన కౌంట్ బేసీ పెద్ద బ్యాండులో వాయించాడు. అది మన భాషలో చెప్పాలంటే ఆస్థానంలో ఉద్యోగం. అదే ఏడాది సాక్సోఫోన్ వాయించే ఆంథొనీ బ్రాక్స్‌టన్‌తోనూ కలిశాడు, ఆయన పూర్తిగా వేరే లోకం. రెండు చోట్లా నిలబడగలిగినవాడు, ఉద్యోగం ఉన్న వైపు కాకుండా రెండోవైపు నడిచాడు.

అల్లుడి మాట: “ఇదేంటి మావయ్యగారూ, దోమ దూరినట్టుంది.” మనవడు మాత్రం ఆ రికార్డు అరిగేలా వింటున్నాడు. వాడికి అందులో వెక్కిరింపు అర్థమైంది.

రెండోది ‘వాయేజర్’, 1993లో వచ్చిన సీడీ. ఈ పదిహేడేళ్ళలో ఆయన న్యూయార్క్‌లో ‘ది కిచెన్’ అనే కొత్త కళల వేదికకి 1980 నుంచి 82 దాకా సంగీతం బాధ్యత చూశాడు, తర్వాత పారిస్‌లో ఇర్‌కామ్ అనే ప్రయోగశాలలో కంప్యూటర్ల మధ్య పనిచేశాడు, ఆపైన ఆమ్‌స్టర్‌డామ్. ఆ ఊళ్ళో స్టైమ్ అనే స్టూడియో ఉండేది, 1986, 88 మధ్య వాయేజర్ అనే ప్రోగ్రాముని అక్కడ తయారుచేశాడు. కోడ్ రాసింది కూడా ఆయనే, ఫోర్త్ అనే భాషలో. ఈ ముక్క వినగానే అల్లుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పటిదాకా నా గదికి ఆవలే ఉన్నాడు.

ఆ ప్రోగ్రాము చేసే పని అతనే నాకు విడమర్చి చెప్పాడు. మనం ఊదుతుంటే అది వింటుంది. ఎంత వేగం, ఎంత గట్టిగా, ఏ స్వరాలు, ఎంత ఖాళీ వదిలాం, అన్నీ లెక్కేసుకుంటుంది. దానిలోపల అరవై నాలుగు మంది వాయిద్యగాళ్ళు ఉన్నారనుకోవాలి, ఎవడి తాళం వాడిది. వాళ్ళల్లో ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరు ఆగాలో అదే తేల్చుకుంటుంది. మనం చెప్పినట్టు వాయించదు. అసలు విషయం ఏమిటంటే మనం ఊదడం ఆపేసినా అది ఆపాలని లేదు, తనపాటికి తను వాయించుకుంటుంది. జవాబివ్వొచ్చు, పట్టించుకోకపోవచ్చు.

“అంటే మాస్టారు లేని బ్యాండు,” అన్నాను.

“ఏ పని ఎప్పుడు నడవాలో చెప్పే షెడ్యూలర్ లేని సిస్టమ్ లాగా అండీ,” అన్నాడు అతను, మళ్ళీ కాసేపాగి, “కాదులెండి, మీరన్నదే కరెక్టు.”

ఈ సీడీలో ట్రాంబోన్ ఉంది, రాస్కో మిచెల్ సాక్సోఫోన్ కూడా ఉంది. నిజం చెప్తున్నాను, మూడింటిలో నాకు నచ్చనిది ఇదే. కంప్యూటర్ గొంతులు ఆ కాలపు కీబోర్డు గొంతులు. మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా వాళ్ళు తెచ్చే కీబోర్డులో ఫ్లూట్ బటన్ నొక్కితే ఎలా ఉంటుందో తెలుసుగా, ఆ జాతి. మనిషి ఊపిరి పక్కన ఆ చప్పుడు పేలవంగా ఉంటుంది. కానీ గొంతు మరిచిపోయి సంభాషణ మీద చెవి పెడితే వేరే సంగతి. ట్రాంబోన్ ఒక జారు తీసి ఆగుతుంది. మిషను కాసేపు ఏమీ అనదు. తర్వాత అసలు సంబంధం లేనట్టు ఎక్కడో మొదలుపెట్టి, ఆ జారు దిగిన చోటికే వచ్చి నిలబడుతుంది. అది యాదృచ్ఛికమో, ప్రోగ్రామో తెలియదు. మంచి పక్క వాయిద్యగాడి దగ్గరా అంతే కదా.

జారు అని ఎందుకన్నానంటే, మన సంగీతంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారితే దాన్ని జారు అనే అంటాం, గమకాల్లో ఒకటి. వీణ మీద తీగ వెంట వేలు జరిపినా, సన్నాయి మీద పెదవి బిగించినా అదే పని. పడమటి వాయిద్యాల్లో ఇత్తడివాటిలో ఆ పని పుట్టుకతో వచ్చేది ట్రాంబోన్‌కే. మా మాస్టార్లు మాత్రం జారితే తిట్టేవాళ్ళు. స్వరం నుంచి స్వరానికి శుభ్రంగా దూకాలి, మధ్యలో చప్పుడు వినబడకూడదు. ఈయన ఆ తిట్లు తిన్న చప్పుడునే ముందు కూర్చోబెట్టాడు.

తర్వాతి సంగతులు గబగబా. 1991 నుంచి శాన్ డియేగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో పాఠాలు, 2002లో మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద పురస్కారం, 2004లో కొలంబియా. తన సంఘం చరిత్ర తనే రాసి 2008లో అచ్చేయించాడు, ఆరు వందల పేజీలకు పైమాట. లైబ్రరీ నుంచి అమ్మాయి తెచ్చింది, దిండు ఎత్తుంది, నేను ఫొటోలు చూసి ఇచ్చేశాను. ఆ పుస్తకంలోంచే ఒపేరా కూడా పుట్టింది, ‘ఆఫ్టర్‌వర్డ్’ అని, 2015లో షికాగోలో ఆడారు. 2024లో లాస్ ఏంజెలెస్‌లో ఇంకో ఒపేరా. నల్లజాతి రచయిత డ్యూబాయిస్ రాసిన కథ ఒకటి, మాంటెవెర్డీ పదిహేడో శతాబ్దపు ఒపేరా ఒకటి, రెండూ ఒకే తిరిగే వేదిక మీద పక్కపక్కన నడుస్తాయట. ఎవడి తాళం వాడిదే అన్న పాత పద్ధతి మానలేదన్నమాట.

ట్రాంబోన్ వాళ్ళు కంపోజర్లవడం వింతేమీ కాదని అల్లుడే ఇంకో పేరు తీశాడు. గుస్తావ్ హోల్స్ట్, ఇంగ్లండు ఆయన. కుడిచెయ్యి నరాల జబ్బుతో పియానో కుదరక ట్రాంబోన్ పట్టి, ఒపేరా బృందాల్లో, ఆర్కెస్ట్రాల్లో ఊది పొట్టపోసుకున్నాడు. ఆయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలు తనే ఇంగ్లీషులోకి తిప్పుకుని స్వరపరిచాడు, సావిత్రి కథని చిన్న ఒపేరాగా రాశాడు. మా బ్యాండులో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడది వేరే కథ.

మూడోది ‘అసెంబ్లేజ్’. 2017లో న్యూ వరల్డ్ రికార్డ్స్ వేసిన సీడీ. వాయించింది ఇక్కడి షికాగో బృందమే, ఆన్సాంబ్ల్ దాల్ నియెంటే. నాలుగు రచనలు, అన్నీ 2012 నుంచి 14 మధ్య రాసినవి. ఇందులో ఆయన ట్రాంబోన్ లేదు. కాగితం మీద రాసి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు.

మొదటి మూడు రోజులు నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్ళ పైన మోసిన వాయిద్యాన్ని ఇంత సులువుగా గుమ్మం బయట పెట్టేస్తారా అని. దీన్నే కెరీర్ అంటారేమో, ఎదగడం అంటే ముందున్నది వదిలెయ్యడమేమో అనుకుని పక్కన పడేశాను. నాలుగో రోజు పొద్దున్నే అందరూ వెళ్ళిపోయాక వయొలిన్, పియానో ఇద్దరే వాయించే ముక్క పెట్టాను. పేరు ‘ది మ్యాంగిల్ ఆఫ్ ప్రాక్టీస్’. వయొలిన్ గీస్తుంటే, నా కుడిచెయ్యి ఊరికే కదిలింది. స్లైడ్ చెయ్యి. నేను కదపలేదు, అదే మూడో పొజిషన్‌కి వెళ్ళి ఆగింది. మళ్ళీ వెనక్కి పెట్టి విన్నాను. అవే జారులు. అదే గరగర, ట్రాంబోన్‌లోకి ఊదుతూ లోపల గొంతుతో కూడా పాడితే రెండు స్వరాలు కొట్టుకుంటాయే, ఆ గరగర. కమానుతో తీయిస్తున్నాడు.

ఆ తర్వాత మిగతా మూడు ముక్కలూ వేరేగా వినబడ్డాయి. ఎవ్వరూ ముందుండి నడిపించరు. ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అడ్డం వస్తాడు, మూడోవాడు వాళ్ళిద్దరినీ విని ఎప్పుడు దూరాలో చూస్తుంటాడు. ఆ మూడోవాడెవరో నాకు తెలుసు. వెనక వరసలో కూర్చుని ముప్పై రెండు బార్లు ఖాళీ లెక్కపెట్టేవాడు. మా పార్టుల్లో ఖాళీలే ఎక్కువ. ఒళ్ళో వాయిద్యం పెట్టుకుని, వేళ్ళ మీద లెక్కిస్తూ, మిగతా బ్యాండంతా వింటాం. ఒకసారి గవర్నరుగారి ముందు కార్నెట్ (చిన్న బాకా) ఊదే కుర్రాడు టెన్షన్‌లో ఒక బారు మింగేశాడు. క్లారినెట్లు అతని వెంట పోయాయి, బాస్ డ్రమ్ము పోలేదు. మాస్టారి కంటే ముందు ఎవరికి తెలిసింది? మా ముగ్గురికి. ఊదకుండా వింటున్నది మేమే కనుక. ఎంట్రీ ఒక బారు ముందుకి జరిపి ముగ్గురం ఒకేసారి దూరాం, డ్రమ్ము మా వెంట వచ్చింది, బండి పట్టాలెక్కింది. ఎవ్వరికీ తెలియలేదు, కార్నెట్ కుర్రాడు తప్ప.

‘అసెంబ్లేజ్’ అంతా ఆ ఒక్క క్షణమే, సీడీ పొడుగునా. బారు మింగేసిన క్షణం.

ఎవరు కొనాలి? పాట ఎత్తుకుని పాడుకోవాలనుకునేవాళ్ళు ఏదీ కొనొద్దు, డబ్బు దండగ. బ్రాస్ వాయించేవాళ్ళు, అది పెళ్ళి బ్యాండైనా, పోలీసు బ్యాండైనా, మొదటిది కొని తీరాలి. కోడింగ్ వాళ్ళు రెండోది. వీణ, వయొలిన్ తెలిసినవాళ్ళు మూడోది తిన్నగా మొదలుపెట్టినా ఫరవాలేదేమో, నేను ముందు చెప్పిన వరస మాట వాళ్ళకి వర్తించదు. హెడ్‌ఫోన్‌తో వద్దు, గదిలో స్పీకర్ల మీద వినండి, ఇంట్లో వాళ్ళు బయటికెళ్ళినప్పుడు. మూడూ కలిపి మాకు తొంభై డాలర్లు దాటింది, అందులో సగం ఎల్పీకే. రూపాయల్లోకి మార్చి చూసుకోకండి, నేను మార్చుకుని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మార్కులంటే మొదటిదానికి అయిదుకి అయిదు, రెండోదానికి మూడు, మూడోదానికి మొదట రెండు వేశాను, ప్రస్తుతం నాలుగున్నర దగ్గర ఉంది.

అన్నట్టు, ఎల్పీ అట్ట సంగతి. అమ్మినవాడికి అమ్మాయి ఫొటోలు పెట్టి గట్టిగా రాస్తే ఎనిమిది డాలర్లు వెనక్కి వేశాడు. అట్టకి లోపలి వైపు నుంచి బ్రౌన్ టేపు వేశాను, పైకి కనబడదు. మనవడు అది చూసి, స్లైడ్‌కి రాసే నూనె చేత్తో పట్టుకుని వచ్చి అడిగాడు, “తాతయ్యా, నాకు ఏడో పొజిషన్ అందట్లేదు, చెయ్యి చాలట్లేదు.” భుజం తిప్పి, మణికట్టు వదులు చేసి, చివర్లో వేళ్ళ కొసలతో నెట్టమన్నాను. ఇంకా రెండంగుళాలు తక్కువే ఉంది.